తీగదారిలో సమాచారం

ఒకప్పుడు ఇంటి జ్ఞాపకాలు ట్రంకుపెట్టెలో ఉండేవి. పెళ్ళినాటి ఫోటోలు, తాతగారి ఉత్తరాలు, పొలం దస్తావేజులు, పిల్లల ధ్రువపత్రాలు అన్నీ అందులోనే ఒదిగి ఉండేవి. నేడు వాటిలో అధికభాగం హార్డ్‌డిస్క్‌లోకి చేరింది. పెట్టెకు చెదపట్టడానికి కొంతకాలం పడుతుంది. హార్డ్‌డిస్క్ చెడిపోవడానికి ఒక్క క్షణం చాలు. అందువల్ల ముఖ్యమైన సమాచారానికి నకలు తీసి రెండో చోట భద్రపరచుకోవడం అవసరమైన జాగ్రత్త. ఆ పనికి పది నిమిషాలు పడితే ప్రతి వారమూ జరుగుతుంది. గంటకు పైగా పడితే వచ్చే ఆదివారానికి వాయిదా పడుతుంది. ఆ ఆదివారం మరో ఆదివారానికి జరుగుతుంది. చివరకు డిస్క్ చెడిపోయిన రోజున నకలు ఉండడమూ, లేకపోవడమూ ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి మరొకదానికి సమాచారం ఎంత త్వరగా చేరుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

సమాచారం నెమ్మదిగా కదులుతున్నప్పుడు నింద సాధారణంగా ఇంటర్నెట్ సేవ అందించే సంస్థ మీద పడుతుంది. లేకపోతే రౌటర్ పాతబడిందని భావించి కొత్తది కొంటారు. ఈ రెండూ తొందరపాటు నిర్ణయాలే. ఇంటి బయటి దారి వేరు, ఇంటి లోపలి దారి వేరు. వీధి స్తంభం నుంచి వచ్చే ఫైబర్ తీగ ఇంటిలోని పరికరం దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి మేడమీది గదిలోని కంప్యూటర్ దాకా ఉన్న దారి బాధ్యత ఇంటివారిదే. ఫోన్‌లో వేగాన్ని కొలిచే ఆప్‌లు ఈ రెండు దారులను కలిపి ఒకే అంకెగా చూపుతాయి గనుక లోపం ఎక్కడున్నదో వాటివల్ల తెలియదు. హాలులోని కంప్యూటర్ నుంచి మేడమీది కంప్యూటర్‌కు ఫోటోలు పంపే పనికి బయటి దారితో ప్రమేయమే లేదు. ఇంటర్నెట్ పూర్తిగా నిలిచిపోయిన రోజున కూడా ఆ పని యథాప్రకారం జరుగుతుంది.

వేగాన్ని కొలిచే ముందు కొలమానం తెలియాలి. కేబుల్, రౌటర్, స్విచ్ వంటి వాటి సామర్థ్యాన్ని బిట్లలో చెబుతారు. ఫైలు పరిమాణాన్నీ, కాపీ జరిగే వేగాన్నీ కంప్యూటర్ బైట్లలో చూపుతుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఛందస్సు చదివిన విద్యార్థికి ఈ లెక్క కొత్త కాదు. లఘువు, గురువు అనే రెండింటినే మూడేసి చొప్పున అమర్చితే యగణం మొదలు సగణం దాకా ఎనిమిది గణాలు ఏర్పడతాయి. సున్నా, ఒకటి అనే రెండు అంకెలనే ఎనిమిదేసి చొప్పున అమర్చితే 256 అమరికలు వస్తాయి. అక్షరమైనా, చిత్రమైనా, పాట అయినా కంప్యూటర్‌లో ఈ అమరికలుగానే నిలుస్తుంది. సెకనుకు 100 మెగాబిట్ల దారి అంటే సెకనుకు 12.5 మెగాబైట్లకు మించి సాగని దారి అని అర్థం. పెట్టె మీద 100 అని చదివి, తెర మీద 11 అని చూసి మోసపోయామని బాధపడేవారు చాలామంది ఉన్నారు. అక్కడ మోసం లేదు, భాగహారం ఉంది.

వేగం అనే మాట కూడా ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. రాగితీగలో విద్యుత్ సంకేతం కాంతివేగంలో సుమారు మూడింట రెండు వంతుల వేగంతో, అంటే సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్ల చొప్పున పరుగెడుతుంది. నెమ్మదైన కేబుల్‌లోనూ, చురుకైన కేబుల్‌లోనూ ఈ విషయంలో చెప్పుకోదగిన తేడా లేదు. తేడా అంతా ఒక్క సెకనులో ఎన్ని బిట్లను లోపలికి వదలగలమన్న దానిలోనే ఉంది. కాలువలో నీరు ఎంత వడిగా పారినా, మధ్యలో ఒక తూము ఇరుకుగా ఉంటే చివరి పొలానికి ఆ తూము వదిలినంత నీరే అందుతుంది. ఇంటి నెట్‌వర్క్‌లోనూ అటువంటి ఇరుకైన చోటు ఎక్కడో ఒకటి ఉంటుంది. దాన్ని వెదకి పట్టుకోవడమే వేగ పరీక్ష.

ఈ తీగదారికి ఈథర్‌నెట్ అని పేరు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, పాలో ఆల్టోలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో దీనిని ప్రతిపాదించి, డేవిడ్ బాగ్స్‌తో కలిసి రూపొందించాడు. కాంతి ప్రయాణించడానికి విశ్వమంతటా ఈథర్ అనే సూక్ష్మపదార్థం వ్యాపించి ఉందని 19వ శతాబ్ది శాస్త్రజ్ఞులు నమ్మారు. శబ్దానికి ఆశ్రయం ఆకాశమని ప్రాచీన భారతీయ తార్కికులు తలచిన తీరు దీనికి దగ్గరగా ఉంటుంది. 1887లో మైకెల్సన్, మోర్లీ అనే శాస్త్రజ్ఞులు జరిపిన ప్రయోగంలో ఆ ఈథర్ జాడ కనిపించలేదు. అందరికీ ఉమ్మడిగా ఉండే మాధ్యమం అన్న భావంతో మెట్‌కాఫ్ ఆ పేరును తన తీగకు పెట్టాడు. లేని పదార్థం పేరు ఉన్న తీగకు నిలిచిపోయింది. ఈ కృషికి ఆయనకు 2022 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం లభించింది.

మొదటి ఈథర్‌నెట్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు మాత్రమే. 1983లో ప్రమాణంగా స్థిరపడిన నాటికి అది 10 మెగాబిట్లు. 1990లో టెలిఫోన్ తీగవంటి పురి తిప్పిన జతల మీద నడిచే పద్ధతి ప్రమాణంగా వచ్చింది. 1995లో 100, 1999లో 1,000 మెగాబిట్ల వేగం ఆ రకపు తీగ మీదే సాధ్యమైంది. వెయ్యి మెగాబిట్లను గిగాబిట్ అంటారు. నేడు ఇళ్లలోని కంప్యూటర్లలో ఎక్కువగా కనిపించేది ఈ గిగాబిట్ పోర్టే. అయినా అటువంటి కంప్యూటర్లున్న ఇళ్లలోనూ సమాచారం 100 మెగాబిట్ల దగ్గర ఆగిపోవడం తరచుగా జరుగుతుంది. కారణం తెలియాలంటే కేబుల్‌ను కోసి చూడాలి.

పైతొడుగు తీస్తే లోపల ఎనిమిది సన్నని తీగలు కనిపిస్తాయి. నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల తీగలు నాలుగు. ఒక్కొక్కదానికి అదే రంగు చారలున్న తెల్లని తోడు ఒకటి. ఈ విధంగా నాలుగు జతలు. ప్రతి జతా తాడుకు పురిపెట్టినట్లు ఒకదానితో ఒకటి మెలివేసుకుని ఉంటుంది. ఈ పురి అలంకారం కోసం కాదు. జతలోని రెండు తీగల్లోనూ ఒకే సంకేతం పరస్పర విరుద్ధంగా సాగుతుంది. ఒకదానిలో విద్యుత్ పీడనం పెరిగితే రెండవదానిలో అంతే తగ్గుతుంది. బయటి నుంచి, అంటే ఫ్యాను మోటారు నుంచో పక్కనున్న విద్యుత్ తీగ నుంచో వచ్చే అలజడి మాత్రం రెండింటి మీద సమానంగా పడుతుంది. అవతలి పరికరం ఆ రెండింటి మధ్య భేదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు సమానంగా పడిన అలజడి తనంతట తానే కొట్టుకుపోయి సంకేతం మిగులుతుంది. అలజడి రెండు తీగలకూ సమానంగా తగలాలంటే అవి వంతులవారీగా చోటు మారుతూ ఉండాలి. ఆ పని చేసేది పురి. టెలిఫోన్ పితామహుడైన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే ఈ ఉపాయానికి పేటెంటు పొందాడు. ఒక జతలోని మాట మరో జతలోకి తొంగిచూడకుండా ఉండేందుకు నాలుగు జతలకూ నాలుగు రకాల బిగువుతో పురి పెడతారు.

100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు ఈ నాలుగింటిలో రెండు జతలు చాలు. ఒకటి పంపడానికి, మరొకటి అందుకోవడానికి. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. ఒక్కో జత సెకనుకు 250 మెగాబిట్లను రెండు దిక్కులా ఒకేసారి మోస్తుంది. కేబుల్ తగిలించగానే రెండు చివరలనున్న పరికరాలు ముందుగా తమలో తాము సంప్రదించుకుని, ఇద్దరికీ చేతనైన గరిష్ఠ వేగాన్ని నిర్ణయించుకుంటాయి. ఈ సంప్రదింపు నారింజ, ఆకుపచ్చ జతల మీద జరుగుతుంది. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక తీగ తెగి ఉందనుకుంటే, గిగాబిట్‌కు ఒప్పందం కుదురుతుంది గాని నాలుగు జతలూ పలకక పని మొదలు కాదు. అప్పుడు చాలా పరికరాలు కొన్నిసార్లు ప్రయత్నించి, 100 మెగాబిట్లకు దిగివచ్చి సర్దుకుంటాయి. తెర మీద హెచ్చరిక రాదు. ఇంటర్నెట్ నడుస్తూనే ఉంటుంది. పదోవంతు వేగంతో ఇల్లు ఏళ్ల తరబడి కాలక్షేపం చేస్తుంది. పూర్తిగా చెడిన కేబుల్ కంటె ఈ సగం చెడిన కేబులే ఎక్కువ నష్టం చేస్తుందనడం సబబు. మొదటిదాన్ని ఆ రోజే మారుస్తారు.

కేబుల్ చివర ప్లగ్గు బిగించే పనిలో మరొక లోపం దాగి ఉంటుంది. రెండు చివరలా రంగుల వరుస ఒకటిగా ఉంటే చాలునని పనివారిలో ఒక అభిప్రాయం వ్యాపించి ఉంది. ఇది సగం నిజం. ప్లగ్గులోని మూడవ, ఆరవ స్థానాలు ఒకే జతకు చెందాలన్నది నియమం. అందుకే సాధారణంగా పాటించే వరుస తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అని ఉంటుంది. నీలం జత మధ్యలో చొరబడినట్లు కనిపించే ఈ వరుస కంటికి అందంగా లేదని, జతలన్నింటినీ పక్కపక్కన పేర్చి రెండు చివరలా అలాగే బిగిస్తే, చౌక టెస్టర్‌లో ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలన్నీ వరుసగా వెలుగుతాయి. తీగ తీగకూ అతుకు సరిగానే ఉంది. కాని ఒకే సంకేతాన్ని మోసే రెండు తీగలు వేర్వేరు జతల్లో పడ్డాయి. పురి పెట్టిన ప్రయోజనం అంతటితో పోయింది. ఒక జత మాట మరో జతలో కలిసిపోతుంది. టెస్టర్ దీపాలు తీగ తెగిందా లేదా అన్నదే చెబుతాయి, సంకేతం శుద్ధంగా ఉందా అన్నది చెప్పవు. ప్లగ్గు దగ్గర పురిని విప్పే పొడవు కూడా 13 మిల్లీమీటర్లు మించరాదు. పని సులువవుతుందని రెండంగుళాల మేర విప్పి బిగించడం సామాన్యంగా కనిపించే అలవాటు.

కేబుల్ రకాన్ని దాని తొడుగు మీదే ముద్రిస్తారు. కేటగిరీ 5ఈ రకం గిగాబిట్‌కు 100 మీటర్ల దూరం దాకా చాలినది. కేటగిరీ 6 అంతకంటె మేలైనది. ఇళ్లలో తీగ పొడవు సాధారణంగా ముప్పై మీటర్లు దాటదు కాబట్టి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. అసలు జాగ్రత్త లోహం విషయంలో అవసరం. అల్యూమినియం తీగకు పైన రాగిపూత పూసిన కేబుల్ బజారులో చౌకగా దొరుకుతుంది. అల్యూమినియం విద్యుద్వాహకత రాగిలో సుమారు 61 శాతం మాత్రమే. పైగా రెండు మూడుసార్లు వంచితే పుటుక్కున తెగే గుణం దానిది. అటువంటి కేబుల్ ఈథర్‌నెట్ ప్రమాణాలకు లోబడినది కాదు. కొనే ముందు ఒక తీగ చివరను చాకుతో గీస్తే లోపల తెల్లని లోహం కనిపిస్తుంది.

ఇక పరీక్ష విషయం. మంచి కేబుల్, మంచి పరికరాలు ఉన్నా వెయ్యికి వెయ్యి మెగాబిట్లూ చేతికందవు. ఉత్తరం బరువులో కవరు బరువూ కలిసినట్లు, సమాచారంతో పాటు దాని మూటలూ ప్రయాణిస్తాయి. ఈథర్‌నెట్ ఒక్కో మూటలో గరిష్ఠంగా 1,500 బైట్లు పెడుతుంది. మూటకు ముందువెనుకల చేరే గుర్తులు, మూటకూ మూటకూ మధ్య విడువవలసిన ఖాళీ కలిపి మరో 38 బైట్ల కాలాన్ని మింగుతాయి. ఆ 1,500లోనూ చిరునామాలకు, వరుస సంఖ్యలకు 40 నుంచి 52 బైట్లు పోతాయి. మొత్తం మీద నూటికి 94 లేక 95 పాళ్లు అసలు సమాచారానికి మిగులుతాయి. కాబట్టి గిగాబిట్ దారిలో సెకనుకు దాదాపు 940 మెగాబిట్లు, అంటే సుమారు 118 మెగాబైట్లు న్యాయమైన ఫలితం. 100 మెగాబిట్ల దారిలో అది సుమారు 11.8 మెగాబైట్లు. ఈ రెండు సంఖ్యలు గుర్తుంటే రోగ నిర్ణయం చాలావరకు పూర్తయినట్లే.

ఒక ఇంటిని ఊహించుకోవాలి. హాలులో రౌటర్, దాని పక్కనే కుటుంబపు ఫోటోలన్నీ దాచిన కంప్యూటర్ ఉన్నాయి. ఆ ఫోటోలు కంప్యూటర్‌కు తగిలించిన విడి హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. మేడమీది గదిలో చదువుకునే అమ్మాయి కంప్యూటర్ ఉంది. గోడలోని పైపు గుండా ఒక కేబుల్ పైకి వెళ్ళింది. 50 గిగాబైట్ల ఫోటోలకు నకలు తీయబోతే తెర మీద సెకనుకు 11 మెగాబైట్లు అని కనిపించింది. ఆ లెక్కన పని పూర్తికావడానికి గంటంబావు పడుతుంది. ఇంటి పెద్ద కొత్త రౌటర్ కొనడానికి సిద్ధపడ్డాడు. 11 అన్న అంకె చూడగానే అమ్మాయికి అనుమానం కలగాలి. అది 100 మెగాబిట్ల దారికి ఆనవాలు.

మొదట చూడవలసింది రెండు పరికరాలు ఏ వేగానికి ఒప్పుకున్నాయన్నది. కంప్యూటర్ నెట్‌వర్క్ అమరికలలో లింక్ స్పీడ్ అనే చోట ఆ సంఖ్య ఉంటుంది. మేడమీది కంప్యూటర్‌లో అది 100 అని తేలింది. హాలులోని దానిలో 1,000 ఉంది. కాబట్టి చిక్కు పై గదికి వెళ్ళే దారిలోనే ఉంది. ఆ దారిలో మూడు భాగాలున్నాయి: రౌటర్ పోర్టు, గోడలోని కేబుల్, పై కంప్యూటర్ పోర్టు. మూడింటినీ ఒకేసారి మార్చితే వేగం రావచ్చు గాని దోషి ఎవరో తెలియదు. ఒక్కసారి ఒక్కదాన్నే మార్చాలి. పై కంప్యూటర్‌ను కిందికి తెచ్చి, అదే రౌటర్ పోర్టుకు మరో చిన్న కేబుల్‌తో కలిపితే లింక్ 1,000 అని చూపింది. పోర్టులు రెండూ నిర్దోషులు. మిగిలింది గోడలోని కేబుల్. దాని చివరలను పరిశీలిస్తే పైగదిలోని ప్లగ్గులో గోధుమరంగు తీగ మొదటిదాకా చేరక, రాగి ముక్కకు అందకుండా ఆగిపోయింది. చివర రెండంగుళాలు కత్తిరించి, కొత్త ప్లగ్గును క్రింపింగ్ టూల్‌తో బిగించారు. లింక్ 1,000కి చేరింది. ఖర్చు ఒక్క ప్లగ్గు.

లింక్ స్పీడ్ ఒప్పందం మాత్రమే, అనుభవం కాదు. నిజంగా ఎంత సాగుతుందో చూడడానికి ఐపెర్ఫ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఒక కంప్యూటర్‌లో దాన్ని అందుకునే స్థితిలో ఉంచి, రెండవదాని నుంచి పంపించమంటే, పది సెకన్లపాటు సమాచారాన్ని కుమ్మరించి ఫలితం చెబుతుంది. ఈ సమాచారం జ్ఞాపకశక్తిలోనే పుట్టి జ్ఞాపకశక్తిలోనే లయిస్తుంది, హార్డ్‌డిస్క్‌ను తాకదు. అందుచేత ఇది దారిని మాత్రమే పరీక్షిస్తుంది. పరీక్షను రెండు దిక్కులా చేయాలి, ఎందుకంటే కొన్ని లోపాలు ఒకవైపు ప్రయాణంలోనే బయటపడతాయి. ఆ ఇంట్లో రెండు దిక్కులా 940 వచ్చింది. లింక్ 1,000 అని చూపుతూ పరీక్షలో 300, 400 మధ్య ఊగిసలాడితే, మూటలు దారిలో చెడి మళ్ళీ మళ్ళీ పంపవలసి వస్తున్నదేమో చూడాలి. పురి చెదిరిన ప్లగ్గు, నలిగిన కేబుల్ మొదటి అనుమానితులు. ఆ సమయంలో కంప్యూటర్ మరే బరువైన పనీ చేయకుండా చూడడం కూడా ముఖ్యం.

ఫోటోల కాపీ మళ్ళీ మొదలుపెడితే వేగం సెకనుకు 35 మెగాబైట్లకు మాత్రమే పెరిగింది. దారి 118కి సిద్ధంగా ఉన్నా ఇంత తక్కువ ఎందుకు? ఇక్కడ తూము కేబుల్‌లో లేదు. విడి హార్డ్‌డిస్క్‌ను హాలు కంప్యూటర్‌లోని పాతతరం యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలించారు. ఆ పోర్టు ఆచరణలో సెకనుకు 30 నుంచి 40 మెగాబైట్లకు మించి ఇవ్వలేదు. పక్కనే ఉన్న 3.0 పోర్టుకు మార్చగానే వేగం నూటికి పైన నిలిచింది. గంటంబావు పట్టవలసిన పని ఎనిమిది నిమిషాలకు తగ్గింది. ఐపెర్ఫ్ పరీక్ష ముందుగా జరగకపోయి ఉంటే, ఆ 35ను చూసి గోడలోని కేబుల్‌నంతా లాగిపారేసేవారు.

ఫైళ్ల స్వభావం కూడా వేగాన్ని మారుస్తుంది. 5 గిగాబైట్ల పెళ్ళి వీడియో ఒకే ధారగా ప్రవహిస్తుంది. అదే పరిమాణం గల లక్ష చిన్న ఫైళ్లు నత్తనడక నడుస్తాయి. ప్రతి ఫైలునూ తెరవడం, పేరు నమోదు చేయడం, మూయడం అనే తంతు లక్షసార్లు జరగాలి. తిరిగే పళ్ళెం గల హార్డ్‌డిస్క్ చదివే ముల్లు ఒక్కో ఫైలుకు ఒక్కో చోటికి జరగాలి. చిన్న ఫైళ్ల గుంపును ముందుగా ఒకే ఫైలుగా కూర్చి పంపితే నెట్‌వర్క్ మీద ఈ తంతు చాలావరకు తప్పుతుంది.

రౌటర్ నిజంగానే దోషి అయ్యే సందర్భం ఒకటుంది. చౌకరకం రౌటర్ల పెట్టె మీద 1200 అని పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. అది రెండు రకాల వైఫై తరంగాల గరిష్ఠ సామర్థ్యాలను కూడగా వచ్చిన సంఖ్య. ఆ రౌటర్ల వెనుకనున్న తీగ పోర్టులు చాలాసార్లు 100 మెగాబిట్లవే. సేవాసంస్థ నుంచి 300 మెగాబిట్ల కనెక్షన్ తీసుకున్నా ఆ పోర్టు గుండా 94, 95 మాత్రమే లోపలికి వస్తాయి. కేవలం ఇంటిలోపలి అవసరమైతే రౌటర్ మార్చనక్కరలేదు. ఒక చిన్న గిగాబిట్ స్విచ్ కొని కంప్యూటర్లన్నింటినీ దానికి కలిపి, దాని నుంచి ఒక్క తీగను రౌటర్‌కు ఇస్తే చాలు. ఇంటి సమాచారం స్విచ్ దగ్గరే మలుపు తిరుగుతుంది.

ప్రచారంలో ఉన్న చిట్కాలన్నీ మేలు చేసేవి కావు. వేగాన్ని కంప్యూటర్ స్వయంగా నిర్ణయించుకోనీయక, అమరికలలో చేతితో 100 అని, రెండు దిక్కులా ఏకకాలంలో నడిచే పద్ధతి అని బిగించడం అటువంటి చిట్కా. అవతలి చివర ఇంకా సంప్రదింపు కోసమే ఎదురుచూస్తూ, జవాబు రాక, ఒకసారికి ఒక దిక్కున మాత్రమే నడిచే పాత పద్ధతికి దిగుతుంది. ఒకరు ఆగకుండా మాట్లాడుతుంటే, రెండవవారు వంతు కోసం ఆగుతుంటారు. ఫలితంగా వేగం పాతాళానికి పడిపోతుంది. తెర మీద మాత్రం 100 అనే ఉంటుంది. మూట పరిమాణాన్ని 1,500 నుంచి 9,000 బైట్లకు పెంచే చిట్కా మరొకటి. దానివల్ల లాభం నూటికి అయిదు పాళ్లు. దారిలోని ప్రతి పరికరమూ అందుకు అంగీకరించకపోతే కొన్ని మూటలు చేరనే చేరవు. గిగాబిట్ చాలని వారికి 2016లో ప్రమాణంగా వచ్చిన 2,500 మెగాబిట్ల పద్ధతి మంచి మార్గం. ఇప్పటికే గోడలో ఉన్న కేటగిరీ 5ఈ కేబులే దానికి సరిపోతుంది. కాని రెండు చివరల పోర్టులు, మధ్యనున్న స్విచ్ ఆ వేగానికి తగినవై ఉండాలి. సాధారణ హార్డ్‌డిస్క్ సెకనుకు 100 నుంచి 200 మెగాబైట్లే ఇవ్వగలదు గనుక కొత్త పోర్టు ధరకు తగిన ఫలం అందరికీ దక్కదు.

ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబులు ఉన్న ఇళ్లలో కేబుల్‌ను విద్యుత్ తీగలున్న పైపులోనే తోయడం సులభంగా తోస్తుంది. ఇది వేగానికీ మంచిది కాదు, ప్రాణానికీ మంచిది కాదు. విద్యుత్ తీగ తొడుగు ఎక్కడైనా చెడితే 230 వోల్టులు కంప్యూటర్ వెనుకకు చేరవచ్చు. వేరే పైపు ఉండాలి. విద్యుత్ తీగను దాటవలసి వస్తే అడ్డంగా దాటాలి. మూలల దగ్గర కేబుల్‌ను మడతపెట్టకుండా, దాని మందానికి కనీసం నాలుగింతల వ్యాసార్ధం గల వంపుతో తిప్పాలి. డాబా మీదుగా పక్కింటికో వెనుక వాటాకో రాగి కేబుల్ వేసినవారు, వేసవి చివర ఉరుములు మెరుపులతో వాన పడిన రాత్రి రౌటర్‌నూ కంప్యూటర్‌నూ ఒకేసారి పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. దగ్గరలో పిడుగు పడితే పొడవైన రాగితీగలో ఉద్ధృతంగా విద్యుత్ పుడుతుంది. గాజుతో చేసిన ఫైబర్ తీగకు ఆ భయం లేదు.

ఆ ఇంటి అమ్మాయి గోడ కేబుల్ రెండు చివరలకూ ఒకే గుర్తుగల చీటీ అంటించింది. తేదీతో సహా 940 అన్న సంఖ్యను కాగితం మీద రాసి రౌటర్ ఉన్న అలమర తలుపు లోపల అతికించింది. ఎప్పుడైనా కాపీ నెమ్మదించినప్పుడు ఐపెర్ఫ్‌ను మరోసారి నడిపి, వచ్చిన సంఖ్యను ఆ కాగితం మీది సంఖ్యతో పోల్చవచ్చు. అది 940 దగ్గరే ఉంటే హార్డ్‌డిస్క్‌ను, 94కు పడిపోతే ప్లగ్గులను ముందుగా విప్పి చూస్తారు.